పెద్దాయనకు పెద్దకొడుకు

విన్ హాయ్ రేవులో మోటారు పడవ ఎక్కిన యాత్రికులకు నాలుగు చోట్లు చూపిస్తారు. ముందు పగడాల దిబ్బ, తర్వాత కీ కో ఇసుక తీరం, ఆపైన గాలి కొండ, చిట్టచివర పెద్దాయన గుడి. ఈ వరస మార్చాలని ఏ పడవవాడికీ ఇంతవరకు తోచలేదు. ఎండ ఎక్కకముందు నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి పగడాలు ముందు. గుడి చివర ఎందుకంటే అప్పటికి జనం అలిసిపోయి ఉంటారు. గాజు పెట్టెల్లో ఉన్న తిమింగలాల ఎముకల ముందు ఒక ఫోటో దిగి, పక్క హోటల్లో రొయ్యల అట్లు తిని, బస్సెక్కి క్విన్యోన్ పట్నానికి వెళ్లిపోతారు. ఖాంగ్ పదేళ్లుగా ఈ నాలుగూ తిప్పుతున్నాడు. విసుగు లేదు, అలాగని సరదా కూడా లేదు. పైగా ఆ నెలలో అతని మనసు పడవలో లేదు.

వచ్చే నెల పదో తారీకున అతని పెళ్లి. పెళ్లికూతురు లాయ్, గాలి కొండ గేటు దగ్గర టికెట్లు చింపే అమ్మాయి. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడి ఐదేళ్లు దాటింది. అందులో మొదటి రెండేళ్లు, పడవవాడికి పిల్లనివ్వడమా అని లాయ్ తల్లి మూతి విరవడంతో గడిచిపోయాయి. ఆవిడ మెత్తబడే వేళకి ఆవిడ మొగుడు కన్నుమూశాడు. తండ్రి పోతే అక్కడ మూడేళ్లు సూతకం. సూతకంలో పెళ్లి మాట ఎత్తకూడదు. ఆ మూడేళ్లూ ఇద్దరూ గేటుకి ఇవతలా అవతలా నిలబడి మాట్లాడుకున్నారు. లాయ్‌కి ఇరవై తొమ్మిది నిండాయి. ఊళ్లో కుర్రకారు ఆమె వెనకాల గడువు దాటిన టికెట్టు అనడం ఆమె చెవిన పడుతూనే ఉండేది. సూతకం కిందటి నెలలోనే తీరింది. ముహూర్తం పెట్టారు, పందిరివాడికి చెప్పారు, పందిపిల్లను కూడా మాట్లాడుకున్నారు.

ఆ రోజు పడవలో ఐదుగురు ఎక్కారు. ముగ్గురు సైగాన్ అమ్మాయిలు, ఫోన్లలోంచి తలెత్తడం లేదు. మిగిలిన ఇద్దరూ ఉత్తరాన నామ్ దిన్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. భర్త పేరు కియెమ్. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సన్నటి మనిషి, మాట పొదుపు. ఆ పొదుపు చేసిందంతా భార్య మియెన్ ఖర్చుపెట్టేసేది. లైఫ్ జాకెట్ తల మీదుగా దూర్చుకునేటప్పుడు మాత్రం ఆవిడ ఒక్క నిమిషం ఆగింది.

"బాబూ, ఈ పగడాలు తాకొచ్చా?"

"తాకకూడదు పిన్నిగారూ."

"తాకకూడనివాటి కోసం ఇంత దూరం రావాలా? మా ఇంట్లో అద్దాల బీరువా ముందు కూచుంటే సరిపోయేది."

దిబ్బ చూడడం అయ్యాక పడవ కీ కో వైపు తిరిగింది. దారిలో రెండు నల్ల రాళ్లున్నాయి, వాటి మధ్య ఒక సందు. ఆ సందులో రాయి కానిదొకటి ఖాంగ్ కంటబడింది. నల్లగా, నున్నగా, అల వచ్చినప్పుడల్లా కాస్త లేచి మళ్లీ కూలబడుతోంది. నడక రాకముందే తాత ఒళ్లో పడవెక్కినవాడు అతను. అదేమిటో తెలియడానికి రెండోసారి చూడక్కర్లేకపోయింది. పెద్దాయన ఒడ్డుకొచ్చి ప్రాణం విడిచారు.

ఆ తీరంలో తిమింగలాన్ని తిమింగలం అని ఎవరూ అనరు. తుపానులో చిక్కిన పడవల్ని వీపున మోసి ఒడ్డుకు చేరుస్తాడని నమ్మకం. అందుకే పెద్దాయన అంటారు. ఆయన పోయి ఒడ్డుకొస్తే, మొట్టమొదట ఎవరి కంటపడితే వాళ్లే ఆయనకు పెద్దకొడుకు. కన్నతండ్రి పోయినట్టే తలకు తెల్లగుడ్డ కట్టి సాగనంపాలి, మూడేళ్లు సూతకం పట్టాలి, మూడేళ్లు నిండాక ఎముకలు పైకి తీసి సారాతో కడిగి గుడికి చేర్చాలి. ఇది పీడ కాదు, అదృష్టం. పెద్దకొడుకు వల ఖాళీగా లేవదంటారు. ఆ అదృష్టం కోసం ఖాంగ్ తాత డెబ్బై ఏళ్లు సముద్రం కేసి చూసి చూసి, దక్కకుండానే పోయాడు. అది మనవడికి దక్కింది, పెళ్లికి సరిగ్గా ఇరవై మూడు రోజుల ముందు.

ఖాంగ్ అప్పుడు చేసిన పని చాలా చిన్నది. కేక వేయలేదు. ఇంజను తగ్గించి, చుక్కాని జానెడు పక్కకి తోశాడు. పడవ మెల్లగా తిరిగింది. అంతవరకు ఖాంగ్‌కి ఎదురుగా కూర్చున్న కియెమ్ గారు, కాస్త తల తిప్పితే ఆ సందు కనిపించే చోటికి వచ్చాడు.

"ఇటుపక్క రాళ్లు బావుంటాయి బాబాయ్ గారూ," అన్నాడు ఖాంగ్, తను మాత్రం రెండో వైపు చూస్తూ.

కియెమ్ గారు ఖాంగ్ మొహం వంక చూశాడు. తర్వాత రాళ్ల వైపు తిరిగాడు.

"అదేమిటి బాబూ, ఆ సందులో?"

"ఏది?" అన్నాడు ఖాంగ్.

రెండక్షరాల మాట. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆ తర్వాత అతను ఎన్ని విధాల ఆలోచించాడో లెక్కలేదు. అప్పటికి మాత్రం సులువుగానే నోట్లోంచి వచ్చేసింది.

ఆ పైన చేయాల్సినవన్నీ పద్ధతిగా చేశాడు. ఇంజను ఆపి, టోపీ తీసి, పడవలో మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టాడు. పడవల సంఘం పెద్ద చో తాతకి ఫోన్ చేశాడు. అరగంటలో సముద్రం నిండా పడవలు, గుండ్రటి బుట్ట పుట్లు. యాభై మంది నీళ్లలోకి దిగి, పెద్దాయన తోకకీ నడుముకీ గుడ్డ చుట్టిన తాళ్లు కట్టి, గుడి ముందున్న ఇసుకలోకి లాక్కొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముప్పై అడుగుల మనిషి. మనిషి అనే అన్నారు అందరూ. ఆడవాళ్లు గొడుగులు తెచ్చి తల దగ్గర నీడ పట్టారు. సైగాన్ అమ్మాయిలు అప్పటికి ఫోన్లలోంచి తలెత్తారు, ఫోటోలు తీయడానికే అనుకోండి.

చో తాతకి ఎనభై ఒకటి. పళ్లు లేవుగానీ గొంతు ఉంది. నల్ల అంగరఖా తొడుక్కుని వచ్చి, అగరొత్తులు వెలిగించి, జనం వైపు తిరిగాడు.

"ముందు ఎవరి కంట పడ్డారు?"

"ఈ బాబాయ్ గారు చూశారు తాతా," అన్నాడు ఖాంగ్. "అదేమిటని నన్నడిగారు. అప్పుడు చూశాన్నేను."

"నువ్వా?" చో తాత అతన్ని ఎగాదిగా చూశాడు. "మైలు దూరంలో చేపల గుంపు ఎటు మళ్లిందో చెప్తావే. పక్కనే ఉన్న పెద్దాయన ఆనలేదా నీ కళ్లకి?"

"ఇంజన్లో ఏదో చప్పుడొస్తుంటే అటు చూస్తున్నా తాతా."

"వాడి కళ్లు ఇక్కడెక్కడున్నాయి? పదో తారీకు మీదున్నాయి," అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వబోయి, శవం ముందున్నామని గుర్తొచ్చి ఊరుకున్నారు.

చో తాత కియెమ్ గారి దగ్గరికి నడిచాడు. "అయ్యా, మీరు చెప్పాలి. మీది ఈ ఊరు కాదు, అబద్ధమాడే పని మీకు లేదు."

కియెమ్ గారు లైఫ్ జాకెట్ ఇంకా విప్పలేదు. "నేనే అడిగానండీ, అదేమిటని. ఈ అబ్బాయి ఏది అన్నాడు," అన్నాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

చో తాత ఆయనకు వరసగా అన్నీ చెప్పాడు. తెల్లగుడ్డ సంగతి, నలభై తొమ్మిదో రోజు, నూరో రోజు కర్మలు, ఏటేటా తద్దినం, మూడేళ్ల సూతకం, ఎముకలు తీయడం, అన్నీ. "కాదంటే మీకు పాపం లేదు," అన్నాడు చివర్లో. "మీవి ఈ నీళ్లు కావు. మీరు కాదంటే ఆ వరస పడవ నడిపినవాడికి వస్తుంది. మా రివాజు అది."

ఈ మెలిక ఖాంగ్ లెక్కలోకి తీసుకోలేదు. చిన్నప్పటి నుంచి వింటున్న రివాజే, అయినా అవసరమైనప్పుడు గుర్తురాలేదు.

"మూడేళ్లా?" అంది మియెన్. "తాతగారూ, ఈయనకి మోకాళ్ల నొప్పులు. నామ్ దిన్ నుంచి ఇక్కడికి రైల్లో అయితే ఒక పగలూ ఒక రాత్రీ. సాయంత్రం ఐదింటికి మా విమానం. చూసిపోదామని వచ్చినవాళ్లకి శవాన్ని అంటగడతారా?"

"అంటగట్టడం లేదమ్మా. అడుగుతున్నాం."

"అడగడం కూడా ఒక పద్ధతుండాలి."

కియెమ్ గారు గుడి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా కనిపిస్తే వెళ్లి అందులో కూర్చున్నాడు. జనం పెద్దాయన చుట్టూ చేరి గుసగుసలు మొదలుపెట్టారు.

అప్పటికే కబురు గాలి కొండకు చేరింది. లాయ్ స్కూటర్ మీద వచ్చింది, మెడలో టికెట్ల సంచీ తియ్యకుండానే. వెనకాల తల్లి. తల్లి పెద్దాయనకు మూడుసార్లు దండం పెట్టి, తిన్నగా ఖాంగ్ దగ్గరికొచ్చింది.

"ఏం అబ్బాయ్, ఆ ఉత్తరాదాయన కాదంటే నీదేనటగా వంతు?"

"ఇంకా ఏమీ అనలేదత్తా ఆయన."

"అంటాడు, అనకేం చేస్తాడు. నేను మాత్రం ఇంకో మూడేళ్లు పిల్లని గేటు దగ్గర నిలబెట్టను. ఫాన్‌రాంగ్‌లో ఉప్పుమళ్లాయన కిందటి వారం కూడా పిల్లనిమ్మని కబురు పెట్టాడు. చెప్పలేదనకు." ఆవిడ మాట ముగించి నీడలోకి వెళ్లిపోయింది.

లాయ్ తల్లి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించింది. "నీ బుర్రేమైంది? చూసినవాడివి నోరు మూసుకుని ఇంటికి రావాలి గానీ. సాయంత్రంలోగా దండలు మార్చేసుకునేవాళ్లం. చావు కబురు పొక్కకముందు పెళ్లి కానిచ్చేసుకున్నవాళ్లు ఊళ్లో ఎంతమంది లేరు? రేపు పొద్దున్న వచ్చి చూశానని చెప్తే ఎవడు కాదంటాడు?"

"ఎలా కుదురుతుంది? పడవలో ఐదుగురున్నారు. నేను చూడనట్టు పోనిచ్చినా వాళ్లలో ఎవరో ఒకరి కంట పడేవాడు."

లాయ్ అతని మొహం కేసి చూసింది. "అంటే నువ్వే చూశావన్నమాట."

ఖాంగ్‌కి తను ఏం ఒప్పుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల రోజుకి వెయ్యి మందిని గేటు దగ్గర ఆపి, ఎవరు టికెట్టు లేకుండా దూరుతున్నారో మొహం చూసి చెప్పే మనిషి.

"చెప్పేస్తావా?" అని అడిగింది.

"చెప్పమంటావా?"

లాయ్ సంచీ జిప్పు లాగింది, మళ్లీ వేసింది. "నన్నడక్కు. చెప్పమంటే ఉప్పుమళ్లాయన, వద్దంటే పెద్దాయన ఉసురు. నాకు నువ్వు కావాలి, అంతవరకే తెలుసు నాకు." అని గుడి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఖాంగ్ కాళ్లు ఆగక, మంచినీళ్ల సీసా తీసుకుని అరుగెక్కాడు. కియెమ్ గారు తీసుకున్నాడుగానీ తాగలేదు. చో తాత అప్పుడే వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఏమంటారయ్యా?"

"తెల్లగుడ్డ మీరిస్తారా, నేను కొనుక్కోవాలా?" అన్నాడు కియెమ్ గారు.

"గుడిలో ఉంటుంది. అయితే ఒప్పుకున్నట్టేనా?"

"మా నాన్నకి నేను కట్టుకోలేదండీ." ఆయన సీసా మూత తిప్పుతూ మాట్లాడాడు. "నాకు ఆరేళ్లప్పుడు యుద్ధానికని దక్షిణానికొచ్చాడు. ఈ జిల్లాలోనే పోయాడని ఒకాయన చెప్పాడు, కాదు ఇంకా కింద అని ఇంకొకాయన చెప్పాడు. పోయాడని కాగితమొస్తే మా అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. మనిషిని చూపించకుండా నా గడపలోకి తెల్లగుడ్డ రావడానికి వీల్లేదంది. ఆవిడ బతికినన్నాళ్లూ అన్నం దగ్గర ఆయనకొక గిన్నె పెట్టింది. నేను ఆ గిన్నె పక్కనే కూచుని తిని పెద్దవాణ్ణయ్యాను. అమ్మ పోయాక కట్టుకుందామంటే మరీ ఆలస్యమైంది. ఏ రోజని కట్టుకోను?"

"అందుకేనా ఇటు వచ్చింది, ఆయన్ని వెతుక్కుంటూ?"

"కాదండీ. మా ఆవిడ బీచి చూస్తానంది."

చో తాత తల ఊపాడు. కళ్లు తుడుచుకోవడం లాంటిదేమీ చేయలేదు. అలాంటి కథ ఆ దేశంలో సగం ఇళ్లలో ఉంది. "మా అన్నదీ అంతే," అన్నాడు. "కాకపోతే వాడు మీవాళ్ల మీద కాల్చిన పక్క."

"ఊఁ."

"పెద్దాయన మీ నాన్న కాదయ్యా. ఆ సంగతి మర్చిపోయి గుడ్డ కట్టుకుంటానంటే నేనొప్పుకోను."

"తెలుసండీ. కట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా."

ఖాంగ్ రెండడుగుల దూరంలో నిలబడి ఇదంతా విన్నాడు. అతనికి ప్రాణం లేచొచ్చింది. సిగ్గు కూడా వేసింది. అయితే ప్రాణం లేచి రావడమే ముందు జరిగింది, సిగ్గు తర్వాత వచ్చింది. ఇందులో దాచేదేమీ లేదు. అప్పుడే నోరు తెరిచి ఉండాల్సింది. గోడ దగ్గర లాయ్ కనిపించింది, ఆమె మెడలో సంచీ కనిపించింది, నోరు తెరుచుకోలేదు.

మియెన్ మొగుడి ఎదురుగా నిలబడి చాలాసేపు ఆయన్ని చూసింది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ రోజుకి అదే మొదలు. తర్వాత చో తాత వైపు తిరిగి, "నాకూ ఒకటివ్వండి గుడ్డ," అంది. "పెళ్లై ముప్పై మూడేళ్లు. మావగారి మొహం కూడా ఎరగని కోడలివని మా అత్త నన్ను దెప్పని రోజు లేదు. ఇవాళ చూశాను." గుడ్డ కట్టించుకుంటూనే, విమానం టికెట్టు మార్చడానికి ఎవరికి ఫోన్ చెయ్యాలో కనుక్కోమని సైగాన్ అమ్మాయిలకు పురమాయించింది.

ఆ మధ్యాహ్నమే సాగనంపారు. పెద్దాయన్ని సారాతో కడిగి, ఎర్రగుడ్డ కప్పి, గుడి వెనక ఇసుకలో గొయ్యి తవ్వారు. పెద్దకొడుకు వెదురు కర్ర ఊతంగా వెనకాల నడిచాడు. ముందు అందరూ ఈయన ఏడవగలడా అని చూశారు. ఏడవలేకపోతే పక్కవాళ్లు ఏడ్చి కానిచ్చేస్తారు, దానికీ ఏర్పాటుంది. ఆ అవసరం రాలేదు. గొయ్యి అంచున నిలబడ్డాక ఆ సన్నటి మనిషిలోంచి అంత పెద్ద ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో, చో తాత మంత్రం ఆపేసి ఆగాల్సి వచ్చింది. ఖాంగ్ తాడు పట్టుకున్నవాళ్లలో ఉన్నాడు. తాడు వదిలాక అరచేతులు కాలినట్టయ్యాయి.

పదో తారీకున పెళ్లి జరిగింది. వాన పడలేదు, పందిరి కూలలేదు, పందిమాంసం సరిపోయింది. సూతకంలో ఉన్నవాళ్లు పెళ్లికి రాకూడదు కాబట్టి కియెమ్ దంపతులు రాలేదు, నామ్ దిన్ నుంచి ఒక దుప్పటి పంపారు. ఆ దుప్పటి ఖాంగ్ కప్పుకోలేదు. లాయ్ కప్పుకుంది. దుప్పటి ఏం చేసిందని ఆమె వాదన.

నలభై తొమ్మిదో రోజుకి కియెమ్ గారు వచ్చాడు. నూరో రోజుకీ వచ్చాడు. ఏటేటా తద్దినానికి రైల్లో వచ్చి, దిగడం మాత్రం ఖాంగ్ ఇంట్లోనే దిగేవాడు. నీ పడవలోనే కదా నాయనా దొరికింది అనేవాడు. చొక్కా జేబు మీద సూతకం గుర్తుగా నల్లగుడ్డ ముక్క కుట్టి ఉండేది. ఊళ్లోవాళ్లు ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేసి పెద్దకొడుకు గారు అనసాగారు. పొద్దున్నే రేవులో కూర్చుని వలలు బాగుచేయడం నేర్చుకున్నాడు. చేపలు కొరికిన వల ఆయన చేతికి ఇస్తే మంచిదని జనానికి నమ్మకం కుదిరింది. ఆయన ముడులు మాత్రం ఒక్కటీ నిలిచేవి కావు.

ఖాంగ్ శాపం కోసం ఎదురుచూశాడు. పెద్దాయన్ని కాదన్నవాడికి సముద్రం అచ్చిరాదని చిన్నప్పుడు విన్నాడు. మూడేళ్లలో ఇంజను కూడా చెడిపోలేదు. కూతురు పుట్టింది, ఏడాదికే నడిచింది, జలుబు తప్ప జబ్బెరగదు. ఏదైనా ఒకటి జరిగి ఉంటే లెక్క సరిపోయిందనుకుని ఊపిరి పీల్చుకునేవాడు. ఏమీ జరగకపోవడం అతనికి భరించరానిదైంది. కియెమ్ గారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ అన్నం దిగేది కాదు. ఇదంతా లాయ్ చూస్తూనే ఉండేది, అడిగేది కాదు.

మూడేళ్లు నిండి ఎముకలు పైకి తీసే రోజు వచ్చింది. పొద్దున్నే కియెమ్ గారు ఆ రాళ్లు ఒకసారి చూసొద్దామన్నాడు. పడవలో ఇద్దరే. సందు దగ్గర ఇంజను ఆపగానే, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ఖాంగ్‌కి అనిపించింది.

"బాబాయ్ గారూ, ఆ రోజు ఇక్కడ..."

"వద్దు."

"నేను చెప్పేది వినండి."

"నువ్వు చెప్పేదేమిటో నాకు తెలుసు నాయనా. నువ్వు పడవ తిప్పినప్పుడు నేను చూసింది రాళ్లని కాదు, నీ మొహాన్ని. దేన్నో చూసినవాడి మొహం అది. అందుకే అటు తిరిగాను."

"తెలిసి కూడా మూడేళ్లు..."

"చో తాత గారు అడిగినప్పుడు నేనూ చెప్పలేదుగా." ఆయన గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే నీ గుండె తేలికవుతుంది. నేను ఏడ్చిందంతా వేరేవాళ్ల తండ్రి కోసం ఏడ్చినట్టవుతుంది. చో తాత గారు నా గుడ్డ విప్పి నీకు కడతారు. నా మూడేళ్లు నాకుండనీ. ఆ నిజం నువ్వు మోసుకో. ఎవరికీ చెప్పకు."

తిట్టినా, క్షమించినా పద్ధతిగా తల వంచడానికి ఖాంగ్ సిద్ధపడి వచ్చాడు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఖాంగ్ ఇంజను వేసి పడవ తిప్పాడు.

ఎముకలు తీయడం చూడ్డానికి ఆ రోజు పట్నం నుంచి బస్సుల్లో జనం వచ్చారు. టూర్లవాళ్లు దాన్ని కార్యక్రమంలో చేర్చి వారం నుంచి చాటుతున్నారు. యాత్రికులు మీద పడకుండా గుడి వాకిట్లో తాడు కట్టారు. తాడుకి ఇవతల ఊరివాళ్లు, అవతల చూసేవాళ్లు. ఇసుకలోంచి తీసిన ఎముకలు సారాతో కడిగి, తెల్లటి బట్ట మీద వరసగా పేర్చారు. పక్కటెముకలు, వెన్నుపూసలు, చిట్టచివర ఇద్దరు మోస్తేగాని లేవని దవడ. చో తాత ఇప్పుడు కర్ర పట్టుకుని నిలబడుతున్నాడు, గొంతు మాత్రం అదే.

"పెద్దకొడుకు రావాలి," అని పిలిచాడు.

ఖాంగ్ కూతుర్ని ఎత్తుకుని ముందు వరసలో ఉన్నాడు. పిలుపు వినగానే అతని కాలు దానంతటది ముందుకు పడింది. ఒకడుగు, మరో అడుగు. వాకిలి మధ్యకొచ్చేశాడు.

"అడ్డం లే ఖాంగ్, ఎక్కడికి?" అన్నాడు తాడు పట్టుకున్న సంఘంవాడు. "దారివ్వు."

తెల్లగుడ్డ కట్టుకున్న కియెమ్ గారు అతని భుజం పక్కగా నడిచి వెళ్లాడు. అతని వైపు చూడలేదు. చో తాత ఆయన చేతుల్లో దవడ ఒక కొస పెట్టాడు, రెండో కొస మియెన్ పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా గుడి మెట్లెక్కసాగారు. జనం దారి విడిచారు. ఖాంగ్ నిలబడ్డ చోట నిలవలేక వెనక్కి వెనక్కి జరిగాడు. వెన్నుకి తాడు తగిలింది. వంగి, తాడు కిందుగా అవతలికి వెళ్లి, ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనంలో కలిసిపోయాడు.

పక్కన తాటాకు టోపీ పెట్టుకున్న ఒకావిడ మునివేళ్ల మీద లేచి చూస్తోంది. "ఆ పెద్దాయన ఈ ఊరి మనిషేనా?" అని అడిగింది, కియెమ్ గారిని చూపించి.

"అవునండీ. ఈ ఊరే."

"మరి మీరు?"

ఖాంగ్ కూతుర్ని పైకెత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. "చూడ్డానికొచ్చాను," అన్నాడు.